ఫేస్ ప్యాక్ వంటింట్లోనే: మన ముఖం, మన రంగు, మన జాగ్రత్త

(ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "వంటింటి సరుకులతో సహజమైన ఫేస్ ప్యాక్‌లు". ఈ మాట మైకులో చదవగానే వెనక వరుసలో మగపిల్లలు నవ్వారు. నవ్వండి, ఫరవాలేదు. కానీ వారపు సంతలో ఫ్యాన్సీ దుకాణం ముందు పది నిమిషాలు నిలబడితే, తెల్లబడే క్రీము కొనేది ఆడపిల్లలు ఒక్కరే కాదని ఎవరికైనా తెలుస్తుంది. కాబట్టి ఈ మాటలు అందరికీ.

నేను బీ.ఎడ్. చదివిన మనిషిని. లెసన్ ప్లాన్ లేకుండా మాట్లాడటం నాకు చేతకాదు. ఈరోజు పాఠంలో నాలుగు భాగాలు. ఫేస్ ప్యాక్ ఏం చేస్తుంది, ఏం చేయదు. ఎలా చేసుకోవాలి. ఏవి ముఖానికి తగలకూడదు. చివరగా, దీనికీ మన సంస్కృతికీ ఏమిటి సంబంధం.

ముందు మొదటిది.

చర్మం రంగు మెలనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. దాన్ని తయారుచేసే కణాలు తెల్లవాళ్ళకైనా నల్లవాళ్ళకైనా ఇంచుమించు ఒకే లెక్కలో ఉంటాయి. తయారయ్యే మెలనిన్ ఎంత, ఏ రకం అన్నదే తేడా. ఆ మెలనిన్ ఊరికే లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి చర్మాన్ని కాపాడే గొడుగు అది. కొండ మీద పోడులో, కాఫీ తోటలో, పసుపు చేలో తరతరాలుగా ఎండలో పనిచేసిన మన తాతలకూ అమ్మమ్మలకూ ఆ గొడుగే తోడు. మనకు వాళ్ళిచ్చిన ఆస్తుల్లో అదొకటి. దాన్ని రుద్ది రుద్ది పోగొట్టుకోవాలని ఎవరు నేర్పారు మనకు?

నేర్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. టీవీ ప్రకటనలు నేర్పాయి. పెళ్ళిచూపుల మాటలు నేర్పాయి. మైదానం ఊళ్ళో కాలేజీలో చేరిన మన పిల్లల్ని రంగు చూసి పిలిచే పేర్లు నేర్పాయి. 2020లో దేశమంతా తెలిసిన ఒక క్రీము తన పేరులోంచి "ఫెయిర్" అన్న మాటను తీసేసింది. పేరు మారింది. మన పిల్లల మనసులో నాటుకున్నది మారడానికి ఇంకా టైము పడుతుంది.

అందుకే ముందే చెప్పేస్తున్నాను. నేను ఈరోజు చెప్పే ఏ ఫేస్ ప్యాక్ కూడా మీ రంగును మార్చదు. మారుస్తుందని ఎవరైనా చెబితే అది అబద్ధం. ప్యాక్ చేసే పనులు మూడు. చర్మం మీద చేరిన జిడ్డు, దుమ్ము తీస్తుంది. పైన పేరుకున్న మృత కణాలను కొంచెం వదిలిస్తుంది. పొడిబారిన చోట కాస్త తేమ ఇస్తుంది. కడుక్కున్న తరవాత కనిపించే ఆ మెరుపు తేమ వల్ల వచ్చింది. ఒక రోజు ఉంటుంది, పోతుంది. దానికి అంతే ఆశించాలి. అంత చిన్న పనికి ఇంత పెద్ద ప్రసంగం ఎందుకంటారా? ఆ చిన్న పనితో తృప్తిపడని వాళ్ళకు సంతలో ఏం అమ్ముతున్నారో నేను చూశాను కాబట్టి.

మా హాస్టల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వేసవి సెలవుల తరవాత ముఖం తెల్లగా పెట్టుకుని వచ్చింది. తోటి పిల్లలంతా ఏం రాశావే అని చుట్టూ మూగారు. దసరా నాటికి ఆ ముఖం ఎర్రగా కందిపోయింది. ఎండలోకి వస్తే మంట. బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు కనిపిస్తున్నాయి, మొటిమలు గుత్తులుగా లేచాయి, పై పెదవి మీద వెంట్రుకలు వచ్చాయి. ఆటల పీరియడ్‌కి రావడం మానేసింది. క్రీము ఒక్కరోజు ఆపితే మంట ఇంకా పెరుగుతోందని దొంగచాటుగా రాస్తూనే ఉంది. పెట్టెలోంచి ఆ ట్యూబు తీయించి చదివితే, దాని మీద ఒక స్టెరాయిడ్ పేరు ఉంది. చర్మ డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్ళాం. ముఖం కుదుటపడటానికి నెలలు పట్టింది.

ఆ పేర్లు మీరు గుర్తుపెట్టుకోవాలి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్. ఇవి మంచి మందులే. డాక్టరు చెప్పిన జబ్బుకు, చెప్పినన్ని రోజులు వాడితే మేలు చేస్తాయి. కానీ తెల్లబడటానికని ముఖానికి రోజూ రాస్తే మొదటి వారాల్లో మెరుపు చూపించి, తరవాత చర్మాన్ని పలచగా చేసేస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చట్టం ఉంది. సంతలో దుప్పటి పరిచి అమ్మేవాళ్ళ దగ్గరికి ఆ చట్టం నడిచి వస్తుందా అన్నది వేరే మాట. అందుకే మీ కళ్ళే మీకు కాపలా.

తామరకు కూడా ఇవే క్రీములు రాస్తున్నారు. రాయగానే దురద తగ్గుతుంది కాబట్టి మంచి మందు అనుకుంటారు. లోపల తామర పాకుతూనే ఉంటుంది, మొండిదవుతుంది. హాస్టల్లో ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడితే గదంతా అంటుకుంటుంది.

ఇంకో రకం, అసలు లేబులే లేని తెల్లబరిచే క్రీములు. వాటిలో కొన్నింట్లో పాదరసం కలుపుతారు. పాదరసం చర్మంలోంచి ఒంట్లోకి వెళ్ళి మూత్రపిండాలను పాడుచేస్తుంది. గర్భిణులకు, చంటిపిల్లలకు ఇంకా ప్రమాదం. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని డబ్బా ఏదైనా సరే, ఎంత చవకైనా సరే, కొనకండి. ప్రభుత్వం మీకిచ్చే కాస్మెటిక్ చార్జీలు సబ్బుకీ నూనెకీ గానీ ఇలాంటి వాటికి కాదు.

ఇప్పటికే అలాంటి క్రీము వాడుతున్నవాళ్ళు ఇక్కడ ఉంటే సిగ్గుపడకండి. ఆ ట్యూబు చేత్తో పట్టుకుని చర్మ డాక్టరుకు చూపించండి. ఎలా మానాలో ఆయన చెబుతారు. అలా దెబ్బతిన్న ముఖానికి ఇప్పుడు నేను చెప్పబోయే ప్యాకులు కూడా వద్దు.

ఇక రెండో భాగం. పెన్నూ పుస్తకం తీయండి.

ఏ ప్యాక్‌కైనా ముందు ఒక పరీక్ష. కలిపినదాన్ని రూపాయి బిళ్ళంత మోచేతి లోపలి మడత దగ్గర రాసి, పది నిమిషాలు ఉంచి కడిగేయండి. ఒక రోజు ఆగండి. దురద, ఎరుపు, దద్దుర్లు లేకపోతేనే ముఖానికి. "ఇంట్లోదే కదా, ఏం చేస్తుంది" అనుకోకండి. దురదగొండి ఆకు కూడా సహజమైనదే!

మొదటిది, జిడ్డు ముఖానికి. రెండు చెంచాల శనగపిండి, దాన్ని ముద్దలా కలపడానికి సరిపడా పెరుగు, పసుపు చిటికెడు మాత్రమే. పసుపు ఎక్కువైతే ముఖం మెరవదు, రెండు రోజులు పచ్చగా ఉంటుంది, అంతే. శనగపిండి జిడ్డును పీల్చుకుంటుంది. పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం మృత కణాలను మెల్లగా వదిలిస్తుంది. పదిహేను నిమిషాలు చాలు. పూర్తిగా ఎండి బీటలు వారేదాకా ఉంచకండి. ఇంకా కాస్త తడిగా ఉండగానే నీళ్ళు చల్లుకుని, మెత్తబడ్డాక కడుక్కోండి. ఎండినదాన్ని గోకి తీస్తే చర్మం మంటెక్కుతుంది.

రెండోది, చోడిపిండి ప్యాక్. ఇది మనది. చోడిపిండిని పలచటి గుడ్డతో జల్లించండి. పైన మిగిలే గరుకు పొట్టు ముఖానికి పనికిరాదు, కోళ్ళకు వేయండి. మెత్తటి పిండి రెండు చెంచాలు తీసుకుని కాచి చల్లార్చిన పాలతో కలిపి రాసుకోండి. పది నిమిషాలకు తడిచేత్తో మెల్లగా, గుండ్రంగా తిప్పుతూ కడుక్కోండి. గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. శనగపిండి కొనుక్కోవాలి, చోళ్ళు మన ఇంట్లోనే ఉంటాయి.

మూడోది, చలికాలానికి. లంబసింగి, చింతపల్లి వైపు పిల్లలకు నేను చెప్పక్కర్లేదు, డిసెంబరు వచ్చిందంటే బుగ్గలు పగిలి, పెదాలు చిట్లిపోతాయి. బాగా పండిన అరటిపండు సగం మెత్తగా మెదిపి, ఒక చెంచా తేనె కలపండి. పది పదిహేను నిమిషాలు ఉంచి గోరువెచ్చటి నీళ్ళతో కడుక్కోండి. తేనె తేమను పట్టి ఉంచుతుంది. కడుక్కున్న వెంటనే, ముఖం ఇంకా చెమ్మగా ఉండగా, రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతిలో రాసి అద్దుకోండి. మొటిమలు ఉన్నవాళ్ళు మాత్రం ముఖానికి నూనె, మీగడ పెట్టకండి, అవి ఇంకా ఎక్కువవుతాయి.

నాలుగోది, ఎండకు కందిన ముఖానికి. పండగ రోజు పొద్దున్నుంచి థింసా ఆడి వచ్చాక బుగ్గలు చిమచిమలాడతాయి కదా, దానికి. కలబంద మట్ట కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా పది నిమిషాలు నిలబెట్టండి. పసుపుపచ్చటి జిగురు కారిపోతుంది. అది చర్మానికి దురద తెస్తుంది, కాబట్టి మట్టను బాగా కడిగి, లోపలి తెల్లటి గుజ్జు మాత్రమే తీయండి. కీరదోసకాయ తురిమి పిండిన రసం కలిపి రాయండి. చల్లగా ఉంటుంది.

ఐదోది, బొప్పాయి. బాగా పండినది మాత్రమే. రెండు చెంచాల గుజ్జు, పది నిమిషాలు. పచ్చి బొప్పాయి పాలు చర్మాన్ని కాలుస్తాయి, జాగ్రత్త.

వారానికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. ఏ పూటకు ఆ పూట కలుపుకోవాలి. మిగిలింది డబ్బాలో దాచి వారం తరవాత వాడితే, అప్పటికి అందులో ఏ పురుగులు పెరిగాయో మనకు తెలియదు. కళ్ళ చుట్టూ, పెదాల మీద వద్దు. ఒకరు వాడిన గిన్నె, గుడ్డ ఇంకొకరు వాడొద్దు. చేతులు సబ్బుతో కడుక్కోకుండా ముఖం మీద పెట్టొద్దు.

పసుపు గురించి ఒక మాట. దుకాణంలో దొరికే పొడిలో రంగులు కలపవచ్చు, సీసం ఉన్న రంగు కూడా. ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. గాజు గ్లాసు నీళ్ళలో ఒక చెంచా పసుపు వేసి కదపకుండా వదిలేయండి. మంచి పసుపు అడుగుకు దిగి, నీళ్ళు లేత పసుపుగా ఉంటాయి. కల్తీది దిగుతూ నీళ్ళకు గాఢమైన రంగు ఎక్కిస్తుంది. అయినా, పాడేరు మన్యంలో పుట్టిన మనకు దుకాణం పసుపు ఎందుకు? మన చేలోది మనం ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచుకున్న కొమ్ము ఉండగా!

మూడో భాగం, ముఖానికి తగలకూడనివి.

నిమ్మరసం. ఫోన్లో వీడియోలు చూసి అందరూ రాసేది ఇదే. మన చర్మం కొద్దిగా ఆమ్ల గుణం కలిగి ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర, అంటే వందల రెట్లు ఘాటు. పైగా నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి, నల్ల మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. తెల్లబడాలని రాసినది నల్ల మచ్చలు మిగులుస్తుంది. వంట సోడా దీనికి తిరకాసు, క్షార గుణం కలది, చర్మం పైపొరను దెబ్బతీస్తుంది. మొటిమ మీద టూత్‌పేస్ట్ వద్దు. వెల్లుల్లి వద్దు, కాలిపోతుంది. పంచదార, ఉప్పు, కాఫీ పొడి గరుకుగా రుద్దడం వద్దు.

పుండు, చీము పట్టిన మొటిమ, తామర, గజ్జి ఉన్నచోట ఏ ప్యాకూ వేయకండి. గజ్జి అయితే హాస్టల్లో మాకు చెప్పండి. గదిలో అందరికీ ఒకేసారి మందు రాస్తేనే పోతుంది. దాచితే అందరికీ చేరుతుంది.

ఇంకొకటి, చాలా ముఖ్యమైనది. ముఖం మీదో, చేతి మీదో చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయిన మచ్చ వచ్చి, దాని మీద దూదితో రాస్తే స్పర్శ తెలియకపోతే, దాన్ని ఏ పూతతోనూ కప్పకండి. కుష్ఠు కావచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం. ఆరు నెలలో ఏడాదో వాడితే పూర్తిగా నయమవుతుంది. తొందరగా చూపిస్తే వేళ్ళకు, కళ్ళకు ఏ నష్టమూ ఉండదు. అలాంటి మచ్చ మీద పసుపు పూసి రెండేళ్ళు దాస్తే ఆ రెండేళ్ళ నష్టం తిరిగి రాదు.

ముఖం కళ తప్పింది మేడమ్ అని నా దగ్గరకు వచ్చే ఆడపిల్లలకు నేను ముందు కంటి కింది రెప్ప లాగి చూస్తాను. లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా ఉంటే, రక్తం తక్కువ ఉందేమోనని పరీక్షకు పంపిస్తాను. దానికి ఫేస్ ప్యాక్ ఏం చేస్తుంది? వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకోవాలి. కిటికీలోంచి బయటికి విసరకూడదు. ఆ కిటికీ కింద ఏముందో నాకు తెలుసు! రేపు ఆగస్టు 10, నులిపురుగుల నివారణ దినం. ఆ మాత్రను కూడా నమిలి మింగండి. మునగాకు, చోడి అంబలి, ఉలవలు, రాజ్మా, గుడ్డు, ఇవి లోపలి నుంచి వేసుకునే ప్యాకులు. ఎనిమిది గంటల నిద్ర కూడా అందులోదే. అర్ధరాత్రి దాకా దుప్పటి కింద ఫోను చూసి, పొద్దున్న కళ్ళ కింద నలుపుకు కీరా ముక్కలు పెట్టుకుంటే ఏం లాభం?

ఇప్పుడు ఆఖరి భాగం. సాంస్కృతిక సంఘం సభలో ఫేస్ ప్యాక్ గురించి ఎందుకు?

1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పసుపు మీద పేటెంట్ ఇచ్చారు. పసుపుతో గాయం మానుతుందన్నది తాము కనిపెట్టినట్టుగా! మన ఇంట్లో ఏ అవ్వను అడిగినా చెప్పే సంగతి. మన సీఎస్‌ఐఆర్ సంస్థ దాని మీద పోరాడి, 1997లో ఆ పేటెంటును రద్దు చేయించింది. ఎలా గెలిచింది? "మా అవ్వలకు ఎప్పటి నుంచో తెలుసు" అంటే అక్కడ చెల్లదు. పాత గ్రంథాలు, అచ్చయిన వ్యాసాలు సాక్ష్యంగా పెట్టింది. రాసి ఉంది కాబట్టి గెలిచింది. ఆ తరవాత 2001లో మన దేశం సంప్రదాయ విజ్ఞానానికి ఒక డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టింది. ఆయుర్వేదం, యునాని, సిద్ధ గ్రంథాల్లో ఉన్నవి అందులోకి ఎక్కాయి.

మరి మన అవ్వలు చెప్పినవి ఏ గ్రంథంలో ఉన్నాయి? పెళ్ళికూతురికి పసుపు ఎలా నూరేవారు, దేనితో కలిపేవారు, బాలింతకు ఒంటికి ఏ నూనె పట్టించేవారు, ఎండుగజ్జికి ఏ ఆకు కట్టేవారు? నోటి నుంచి నోటికి వచ్చింది. ఆ నోరు మూతపడితే దానితోనే పోతుంది. ప్రతి ఏడాదీ ఊళ్ళలో ఎంతమంది పెద్దవాళ్ళను సాగనంపుతున్నామో మీకే తెలుసు.

కాబట్టి మీకు హోంవర్క్ ఇస్తున్నాను. దసరా సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకోండి. అవ్వ పక్కన కూర్చోండి. ఒంటికి, జుట్టుకు, ముఖానికి చిన్నప్పుడు ఏం వాడారో అడగండి. పేరు మన భాషలోనే రాయండి. కువి అయితే కువి, ఆదివాసీ ఒరియా అయితే ఆదివాసీ ఒరియా. ఏ మొక్క, ఏ భాగం, ఏ నెలలో కోస్తారు, ఎంత, దేనితో, ఎన్ని రోజులు, ఎవరికి పెట్టకూడదు. ఆ ఆఖరి ప్రశ్న మరవకండి. అవ్వలకు మందు ఎంత తెలుసో, హద్దు కూడా అంత తెలుసు. చెప్పినవారి పేరు, ఊరి పేరు, తేదీ రాసుకోండి. వాళ్ళను అడగకుండా ఫోన్లో వీడియో పెట్టొద్దు. అది వాళ్ళ ఆస్తి. రాసినదంతా ముఖానికి రాసి చూడమని నేను చెప్పడం లేదు. ముందు రాసి ఉంచుదాం. ఏది మంచిదో, ఏది కాదో మీలో రేపు డాక్టర్లు, ఫార్మసీ చదివేవాళ్ళు తేలుస్తారు.

ఇవి అమ్ముకుని బతకవచ్చా అని ఒక తమ్ముడు చీటీ పంపాడు. మంచి ప్రశ్న. 1956 నుంచి ఉన్న మన గిరిజన సహకార సంస్థ తేనె, కుంకుడుకాయ, శీకాయ మన దగ్గరే కొంటోంది. సరుకు మనది, విలువ ఉంది. కానీ ముఖానికి రాసేది తయారుచేసి అమ్మాలంటే కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం లైసెన్సు కావాలి. సంఘంగా కలిసి, పద్ధతిగా చేయండి. లేబుల్ లేని డబ్బాలు అమ్మేవాళ్ళను ఇంతసేపూ తిట్టి, రేపు మనమే అలాంటి డబ్బా అమ్మకూడదు.

చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, ముఖం శుభ్రంగా ఉంచుకోవడం మంచి అలవాటు. ఆదివారం మధ్యాహ్నం నలుగురూ వరండాలో కూర్చుని చోడిపిండి పూసుకుని ఒకరినొకరు చూసి నవ్వుకోవడం ఇంకా మంచి అలవాటు. అద్దం ముందు నిలబడి "నేను ఇంకొకరిలా లేనే" అని బాధపడటం మాత్రం మనకు ఎవరో అంటగట్టిన అలవాటు. దాన్ని కూడా ఆ పిండితోపాటు కడిగేయండి.

 నోటు పుస్తకాలు దసరా తరవాత నేనే దిద్దుతాను, మర్చిపోకండి.

జై ఆదివాసీ!